రెండవ గోల్‌కీపరు



ఈ మాసము మీకు ప్రసంగము వ్రాయుట లేదు. నేను చేసిన ఒక తప్పును మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది. ఆడపిల్లలున్న తలిదండ్రులు, ముఖ్యముగా పల్లెలలో ఉన్నవారు, దీనిని ఓపికతో చదువవలెనని నా మనవి.

అది 2008వ సంవత్సరము. నేను వేదాంత డిప్లొమా ముగించి కొత్తగా సేవలోనికి వచ్చిన రోజులు. తాండూరు దగ్గర ఒక చిన్న గ్రామ సంఘమును నాకు అప్పగించారు. ఆ ఊరిలో సగము మంది నాపరాయి గనులలో బండలు తీసేవారు. మిగిలినవారు కంది చేలలో కూలికి వెళ్ళేవారు. మా సండేస్కూలులో పన్నెండేండ్ల అమ్మాయి ఒకతె ఉండేది. చిర్రగోనె ఆటలో మగపిల్లలెవరూ ఆమె ముందు నిలువలేకపోయేవారు. కర్ర చేతిలో ఉంటే ఆ పిల్ల కండ్లు వేరుగా ఉండేవి.

ఒక సాయంకాలము ఆమె తండ్రి గని పని ముగించుకొని, ఒంటి మీద రాతి పొడి కూడ కడుగుకొనక, నా యింటికి వచ్చాడు.

"అయ్యగారూ, బడిల డ్రిల్లు సారు వచ్చిండు. బిడ్డను పట్నంల ఆటల హాస్టలుకు పంపమంటుండు. హాకీ నేర్పుతరట. తిండి, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటరట. నాకేం తెలుస్తది? మీరెట్ల చెప్తే అట్ల" అన్నాడు.

నేను వెంటనే జవాబిచ్చాను. ఆడపిల్ల పొట్టి బట్టలు వేసికొని నలుగురిలో పరుగెత్తుట మంచిది కాదన్నాను. ఆదివారము ఆటలుంటే ఆరాధన పోతుందన్నాను. రేపు పెండ్లి సంబంధములు రావన్నాను. ఆలోచించుటకు ఒక్క రాత్రియైనను తీసుకొనలేదు. ప్రతి సంగతికి మోకాళ్ళూనుడని సంఘమునకు చెప్పేవాడను, ఆ సంగతికి మాత్రము మోకాళ్ళూనలేదు. ఆ పిల్లను పిలిచి నీ మనస్సులో ఏమున్నదమ్మా అని అడుగలేదు. ఆమె తలుపు చాటున నిలువబడి యుండెనని తరువాత తెలిసినది.

ఆ తండ్రి నా మాట దేవుని మాట అనుకొని వెళ్ళిపోయాడు. అమ్మాయి పదవ తరగతి తప్పి, కంది చేలకు కూలికి పోయినది. పద్దెనిమిది నిండగానే పెండ్లి జరిగినది. నేను అప్పటికి బదిలీ మీద వేరేచోట ఉన్నాను. అయినను నన్నే పిలిపించుకొన్నారు. ఆ పెండ్లి చేసినవాడను నేనే.

కాలము గడిచినది. క్రిందటి సంవత్సరము నేను తిరిగి వికారాబాదు, తాండూరు మధ్య ఉన్న ఒక పాస్టరేటుకు బదిలీ మీద వచ్చాను. ఇంకా అన్ని ఇండ్లు తిరుగక ముందే నవంబరు మాసము, ధారూరు జాతర వచ్చినది. మన ప్రాంతపు విశ్వాసులకు ధారూరు జాతరను గూర్చి చెప్పనక్కరలేదు. ఎడ్లబండ్లు పోయి ఆటోలు, డి.సి.ఎం.లు వచ్చినవి గాని, చెట్ల క్రింద గుడారములు, మూడు రాళ్ళ పొయ్యిలు, రాత్రి కూటములు అలాగే యున్నవి.

మధ్యాహ్న కూటము తరువాత ఒక స్త్రీ నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, గుర్తున్ననా?" అని అడిగినది. నేను తడబడితిని. ఊరి పేరు, తండ్రి పేరు చెప్పిన తరువాత గుర్తుపట్టాను. ఆమె అత్తవారి ఊరు నా క్రొత్త పాస్టరేటులోనిదే. ప్రక్కనే ఎనిమిదేండ్ల కూతురు. చేతిలో ఒక వంకర కర్ర.

"దీన్ని ఆటల బడికి పంపమని వీళ్ళ సారు అంటుండు అయ్యగారూ. అప్పుడు మా నాయన మిమ్మల్ని అడిగిండు. ఇప్పుడు నేను అడుగుదామని వచ్చిన."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండెడిది. పదిహేడేండ్ల క్రితము వినకుండా జవాబిచ్చిన ప్రశ్నే మరల నా యెదుటికి వచ్చినది. నేను ఆమెతో, "అమ్మా, ఆ దినమున నేను తప్పు చెప్పాను. నన్ను క్షమించు" అన్నాను. ఆమె నేల చూచి, "పోనీండి అయ్యగారూ. దీని సంగతి చెప్పుండి" అన్నది.

అప్పుడు ఆమె భర్త కలుగజేసికొన్నాడు. అతడు తాండూరులో బండలు నున్న చేసే పాలిషింగు యూనిట్‌లో పనివాడు. మంచివాడు, లెక్క తెలిసినవాడు.

"అయ్యగారూ, పంపుతమే అనుకోండి. పదేండ్లు ఆడుతది. లక్షమంది ఆడితే పదకొండు మందిని తీసుకుంటరు. మా బిడ్డను తీసుకోకపోతే? తీసుకున్నా బెంచి మీదనే కూసోబెడితే ఏం లాభం?"

ఈ ప్రశ్నను నేను తేలికగా తీసికొనలేదు. బీదవాని యింటిలో ఒక బిడ్డ పదేండ్ల కాలమంటే చిన్న పెట్టుబడి కాదు. అతనికి జవాబుగా నేను ఒక అమ్మాయి కథ చెప్పాను. దానినే మీకును చెప్పుచున్నాను.

2021 ఆగస్టు 6వ తేదీ, శుక్రవారము ఉదయము. జపాను దేశములోని టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశపు ఆడపిల్లలు కాంస్య పతకము కొరకు గ్రేట్ బ్రిటన్‌తో హాకీ ఆడుచుండగా నేను టి.వి. ముందు కూర్చున్నాను. నాలుగు దినముల క్రితమే వారు ఆస్ట్రేలియా అంతటి జట్టును 1-0 తో ఓడించియుండిరి. ఈ దినమున మొదట 2-0 తో వెనుకబడి, లేచి 3-2 తో ముందుకు వచ్చి, చివరకు 4-3 తో ఓడిపోయిరి. నాలుగవ స్థానము. ఆ పిల్లలు మైదానములోనే ఏడ్చిరి. ఇంటిలో నా భార్యయు నేనును కన్నీళ్ళు తుడుచుకొన్నాము. మరునాటి పత్రికలో ఆ బృందముతో వెళ్ళిన ఒక తెలుగు అమ్మాయి పేరు చదివాను. ఏతిమార్పు రజని. గోల్‌కీపరు.

రజని 1990లో పుట్టినది. వారిది ఆనాటి చిత్తూరు జిల్లాలోని యెర్రావారిపాళెం మండలములో ఒక పల్లె. ఇప్పుడు ఆ ప్రాంతము తిరుపతి జిల్లాలోనికి వచ్చినది. మన ఊళ్ళవంటి ఊరు. అక్కడ నుండి వచ్చి భారతదేశపు జట్టులో గోలు కాచినది.

హాకీ చూడనివారి కొరకు రెండు మాటలు. ఒక్కొక్క జట్టులో పదకొండు మంది ఆడుదురు. వెనుక నిలుచు గోల్‌కీపరు కాపాడవలసిన గోలు పన్నెండు అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. బంతి చూచుటకు చిన్నదే, తూకము 160 గ్రాముల దగ్గర, గాని రాయివలె గట్టిది. అది దూసికొని వచ్చునప్పుడు తప్పించుకొనుట మన సహజ గుణము. గోల్‌కీపరు మాత్రము దానికి ఎదురు పోవలెను. అందుకే తలకు హెల్మెట్టు, కాళ్ళకు మందమైన ప్యాడ్లు, ఛాతీకి కవచము. మిగిలిన ఆటగాళ్ళను నిమిషనిమిషమునకు మార్చి విశ్రాంతి ఇత్తురు. గోల్‌కీపరును సాధారణముగా మార్చరు. కనుక జట్టులో రెండవ గోల్‌కీపరు ఉన్నట్లయితే, మొదటి వ్యక్తికి దెబ్బ తగిలినప్పుడో, శిక్షకుడు కోరుకొన్నప్పుడో తప్ప ఆమెకు వంతు రాదు.

రజని ఆడిన కాలములో మొదటి గోల్‌కీపరు హర్యానాకు చెందిన సవిత. ఆమెయు 1990లో పుట్టినదే. 2021లోను, 2022లోను ప్రపంచములోనే ఉత్తమ గోల్‌కీపరుగా సవితకు అంతర్జాతీయ హాకీ సమాఖ్య బహుమానము వచ్చినది. ఆలోచించండి. ప్రపంచములో అందరికంటె మంచి గోల్‌కీపరు నీ జట్టులోనే, నీ ఈడులోనే ఉన్నది. నీవు ఆమెకు వెనుక నిలువవలెను. నీవు తక్కువదానవు కావు. అయినను చోటు ఒక్కటే.

2016లో మన మహిళల జట్టు 36 సంవత్సరముల తరువాత ఒలింపిక్స్‌కు అర్హత పొంది బ్రెజిల్ దేశమునకు వెళ్ళినది. ఒలింపిక్స్ జట్టులో పదహారు మందికే చోటు గనుక గోల్‌కీపరుగా ఒక్క సవితనే తీసికొన్నారు. రజని అదనపు క్రీడాకారిణిగా ఉండినది. మరుసటి సంవత్సరము 2017లో జపానులో ఆసియా కప్పు జరిగినది. ఫైనలులో చైనాతో 1-1 గా సమానమై, షూటౌట్‌లో 5-4 తో మన జట్టు గెలిచినది. రజని ఆ జట్టులో ఉన్నది. 2018లో లండన్‌లో ప్రపంచ కప్పు, అదే సంవత్సరము జకార్తాలో ఆసియా క్రీడల వెండి పతకము. ఈ రెండు జట్లలోను సవిత, రజని ఇద్దరును గోల్‌కీపర్లే.

టోక్యోకు మొదట ప్రకటించిన పదహారు మందిలో మరల సవిత ఒక్కతెయే. కరోనా కారణముగా అదనపు ఆటగాళ్ళను కూడ చేర్చుకొనవచ్చునని నియమము మార్చిన తరువాత రజనికి చోటు దొరికినది. గోలు ముందు నిలిచినది సవిత. రజని సిద్ధముగా నిలిచినది. 2022లో బర్మింగ్‌హామ్‌లో కామన్‌వెల్త్ క్రీడలు జరిగినప్పుడు న్యూజిలాండ్‌ను షూటౌట్‌లో ఓడించి మన జట్టు కాంస్య పతకము తెచ్చినది. ఆ క్రీడలలో మన మహిళల హాకీ పతకమునకు అప్పటికి పదహారేండ్లయినది. ఆ జట్టులోను రజని ఉన్నది.

నేను అంతవరకు చెప్పి ఆగగా, ఆ భర్త, "అదే అంటున్న అయ్యగారూ, ఎప్పుడు చూసినా రెండో మనిషే గదా!" అన్నాడు.

"ఇంకా ఉన్నది, విను" అన్నాను.

2024 జనవరిలో ఒమాన్ దేశపు మస్కట్‌లో హాకీ ఫైవ్స్ అను ఆటకు మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్పు జరిగినది. ఇందులో ఒక్కొక్క జట్టుకు ఐదుగురే, మైదానము చిన్నది, బంతి ఊపిరి తిరుగకుండ గోలు మీదికి వచ్చుచుండును. ఆ ప్రపంచ కప్పుకు భారత జట్టు నాయకురాలు ఎవరో తెలియునా? రజని. అప్పటికి ఆమెకు ముప్పది మూడేండ్లు. తన కంటె చాల చిన్న పిల్లలను వెంట తీసికొని వెళ్ళినది. న్యూజిలాండ్‌ను 11-1 తో, దక్షిణాఫ్రికాను 6-3 తో ఓడించి ఫైనలుకు చేరిరి. ఫైనలులో నెదర్లాండ్స్ 7-2 తో గెలిచినది. మన పిల్లలు వెండి పతకముతో తిరిగివచ్చిరి.

ఇన్ని సంవత్సరములు ఆమె ఊరకనే కూర్చుండలేదు. మొదటి గోల్‌కీపరు ఎంత అభ్యాసము చేయునో రెండవ గోల్‌కీపరు అంత చేయవలెను. అవే దెబ్బలు, అదే తెల్లవారుజాము, అదే బరువు కవచము. రేపు ఆడుదునో లేదో తెలియకయే సిద్ధపడవలెను. ఈ పని మొదటి స్థానము కంటె కష్టమని నాకు తోచుచున్నది.

యూదా స్థానములో ఒక అపొస్తలుని ఎన్నుకొనిన సంగతి మీకు తెలియును. ఇద్దరిని నిలువబెట్టిరి. చీటి మత్తీయ పేరట వచ్చినది. రెండవవాడైన యోసేపు బర్సబ్బాను గూర్చి మనమెవరము ప్రసంగించము. అయితే అతడును మొదటి నుండి ప్రభువుతో కూడ తిరిగినవాడే, అంతే నమ్మకముగా నడిచినవాడే. చీటి రానందున అతని నడక వ్యర్థమైనదని ఎవరు చెప్పగలరు?

"మీ బిడ్డను తీసుకోకపోవచ్చు" అని ఆ తండ్రితో చెప్పాను. "అది నీకు ముందే చెప్పుట న్యాయము. కాని మనమే తలుపు వేసికొని, ఎవరూ పిలువలేదని అనకూడదు. ఒకసారి నేను వేసిన తలుపు ఇదిగో నీ భార్యగా నీ ప్రక్కన నిలువబడియున్నది."

అతడు భార్య వైపు చూచాడు. పెండ్లియై పదకొండేండ్లయినను ఆమె హాకీ సంగతి అతనికి ఎన్నడును చెప్పలేదట.

ప్రియ తలిదండ్రులారా, ఆ దినమున వారికి చెప్పిన కొన్ని పనికివచ్చే మాటలు మీకును చెప్పెదను. తెలంగాణ క్రీడా పాఠశాలలలో నాల్గవ తరగతిలో పిల్లలను చేర్చుకొందురు. వాటిలో హకీంపేట బడి పేరు మీరు వినియుందురు. ముందు మండలములో, తరువాత జిల్లాలో, చివరకు రాష్ట్ర స్థాయిలో పరీక్షలు పెట్టుదురు. ఎత్తు, బరువు చూతురు. పరుగు, నిలువబడిన చోటనుండి దూకుట, మెడిసిన్ బాలు విసురుట, 800 మీటర్ల పరుగు మొదలైనవి ఉండును. కనుక మూడవ తరగతిలో ఉండగానే బడి సారును అడిగి తెలిసికొనవలెను.

పంపుట అంటే విడిచిపెట్టుట కాదు. హాస్టలులో ఆడపిల్లలను చూచుకొనువారు స్త్రీలేనా, ఇంటికి ఫోను చేయుటకు వీలున్నదా, తలిదండ్రులు ఎప్పుడు వచ్చి చూడవచ్చును, ఇవన్నియు ముందే అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడకండి. నచ్చనిది ఏదైనను జరిగితే భయపడక ఇంటిలో చెప్పవలెనని బిడ్డకు నేర్పండి. ఆదివారపు ఆట సంగతి కూడ ముందే ఇంటిలో కూర్చుండి మాట్లాడుకొనండి. ఆరాధనను ప్రేమించుట నేర్చిన బిడ్డ హాస్టలు గదిలోను ప్రార్థన చేయగలదు. నేర్పనట్లయితే మన ఊరిలో గుడి ప్రక్కన ఉండియు చేయదు. ఇక బట్టల సంగతి. గోల్‌కీపరు బట్టలు చూచిన తరువాత ఆ మాట అన్నందుకు నాకే నవ్వు వచ్చినది. తల నుండి కాలివరకు కప్పుకొనియుండును!

అడవి ప్రాంతముల పల్లెల సంగతియు చెప్పవలెను. ఒడిశాలోని సుందర్‌గఢ్, జార్ఖండ్‌లోని సిండేగా జిల్లాలలో పిల్లలు వెదురు కర్రలతో హాకీ నేర్చుకొందురు. ఊరి పోటీలలో గెలిచిన జట్టుకు బహుమానము ఒక మేకపోతు. అటువంటి ఊళ్ళ నుండి దీప్ గ్రేస్ ఎక్కా, సలీమా టేటే వంటివారు టోక్యోకు వెళ్ళిరి. 2024లో సలీమా దేశపు జట్టుకే నాయకురాలైనది. అక్కడి తలిదండ్రులు మనకంటె ధనవంతులు కారు. ఆడపిల్ల చేతిలో కర్ర చూచి కోపపడలేదు, అంతే.

కోత పండుగనాడు మా సంఘములో కంది మూటలు, గుమ్మడికాయలు, కోళ్ళు వేలము వేసినప్పుడు, వచ్చిన డబ్బులో కొంత తీసి పిల్లలకు ఎనిమిది హాకీ కర్రలు కొందామని నేను కమిటీలో అడిగాను. ఒక పెద్దాయన లేచి, "దేవుని సొమ్ము కట్టెలకు పెడతమా అయ్యగారూ?" అన్నాడు. నేను ఈ సంగతి అంతయు, నా తప్పుతో సహా, కమిటీకి చెప్పాను. చాలసేపు ఎవరును మాట్లాడలేదు. చివరకు ఆ పెద్దాయనయే, "నా మనుమరాలికి కూడ ఒకటి రాయండి" అన్నాడు.

ఈ వేసవిలో ఆ పాప పరీక్షలకు వెళ్ళినది. మండలములో నెగ్గినది. వికారాబాదులో జిల్లా పరీక్షకు ఆమె తండ్రియు నేనును తోడు వెళ్ళాము. 800 మీటర్ల పరుగులో అందరికంటె ముందు వచ్చినది. మెడిసిన్ బాలు విసురుటలో వెనుకబడినది. జాబితాలో పేరు రాలేదు.

తిరుగు బస్సులో పాప కిటికీ ప్రక్కన కూర్చుండి ఏడ్చి ఏడ్చి నిద్రపోయినది. ఏమి చెప్పవలెనో నాకు తోచలేదు. జాతరలో అంత చెప్పినవాడను, ఆ బస్సులో నా దగ్గర మాట లేదు. ధారూరు దాటిన తరువాత ఆమె తండ్రియే అన్నాడు, "చేతులల్ల బలం తక్కువున్నది అయ్యగారూ. పెంచుదాం. బడి ఇదొక్కటేనా, ఇంకెక్కడన్న చూద్దాం." బెంచి మీద కూర్చుంటే ఏమి లాభమని అడిగినది ఈ మనుష్యుడే!

ఇప్పుడు ప్రతి శనివారము సాయంకాలము మా గుడి వెనుక మైదానములో పదిమంది ఆడపిల్లలు ఆడుచున్నారు. ఆ తండ్రి యూకలిప్టస్ కర్రలు తెచ్చి, టేపుతో కొలిచి, పన్నెండు అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గోలు కట్టాడు. కవచములు కొను శక్తి మాకు లేదు గనుక రబ్బరు బంతితోనే ఆట. పిల్లలందరును ముందుకు పోయి గోలు కొట్టుటకే ఇష్టపడుదురు. గోలు ముందు నిలుచుటకు ఎవరును ఒప్పుకొనరు.

అందుచేత అక్కడ నిలుచునది ఆ పాప తల్లి. కంది చేను నుండి వచ్చి, కొంగు నడుముకు బిగించి, రెండు చేతులు చాచి నిలుచుచున్నది. పోయిన శనివారము తన కూతురు కొట్టిన బంతిని ఎగిరి కాలితో ఆపి, పదేండ్ల పిల్లవలె గట్టిగా అరచినది. నేను గుడి మెట్ల మీద కూర్చుండి చూచితిని. పదిహేడేండ్ల క్రితము తలుపు చాటున నిలువబడిన పిల్ల అరుపు అది.

మీ ఇంటిలో తలుపు చాటున ఎవరైనను నిలువబడియున్నారేమో, ఈ రాత్రి ప్రార్థన ముగిసిన తరువాత ఒకసారి పిలిచి అడుగుడి.